మానేసిన ఆరు ఇంజెక్షన్లు

ఫ్రిజ్‌లో పాల ప్యాకెట్ల పక్కన పది ఇంజెక్షన్ల డబ్బా పెట్టి, "అమ్మా, దాని జోలికి వెళ్ళకు" అని చెప్పాను. పొద్దున ఆరింటికి ఒకటి, సాయంత్రం ఆరింటికి ఒకటి, ఐదు రోజులు. బొడ్డు పక్కన చర్మం పట్టుకుని పొడుచుకోవాలి. రోజుకు రెండుసార్లు ఆస్పత్రికి తిరగడం దేనికి, నేనే వేసుకుంటానన్నాను. పొద్దస్తమానం కుట్టుమిషను ముందు కూర్చునే దాన్ని, నాకు సూదంటే భయమేంటి!

అప్పటికి తమ్ముడికి రక్త క్యాన్సరని తెలిసి ఐదు నెలలు. మొదట చిగుళ్ళలోంచి రక్తం, వదలని జ్వరం. తుంటి ఎముకలోంచి మూలుగ తీసి చూసి, సగానికి పైగా పాడు కణాలేనన్నారు. వారం పాటు ఆపకుండా మందు ఎక్కించారు. జబ్బు అణిగింది గానీ, ఇది మళ్ళీ తిరగబెట్టే రకమనీ, వేరేవాళ్ళ మూలకణాలు ఎక్కించాలనీ డాక్టరమ్మ చెప్పింది. నావి వాడికి పూర్తిగా కలిశాయి. అవి మూలుగలోంచి రక్తంలోకి దిగి రావడానికే ఈ ఇంజెక్షన్లు. ఇంట్లో నన్ను నెత్తిన పెట్టుకున్నారు. చిన్నప్పటినుంచీ ముద్దంతా వాడికే, ఇన్నాళ్ళకి నా వంతొచ్చింది కదా, నేనూ కాస్త ఎగిరాను.

రెండు రోజులు బుద్ధిగానే వేసుకున్నాను. మూడో రోజు తెల్లవారేసరికి నడుము, తొడలు, రొమ్ము ఎముక... లోపల్నుంచి ఎవరో రోట్లో వేసి నూరుతున్నట్టు నొప్పి. ఒక్క పూట మానేస్తే ఏం కొంప మునుగుతుందిలే అనుకుని, మందు సింకులో వదిలేశాను. రాత్రికి ఒళ్ళు కాస్త తేలికైంది. ఎవరి ప్రాణం వాళ్ళకి తీపి కదా! ఆ తర్వాత ఒక్కటీ వేసుకోలేదు. మొత్తం ఆరు.

ఆరో రోజు నన్ను మిషనుకి తగిలించి నాలుగు గంటలు రక్తం తిప్పారు. మూలకణాలు దోసెడు రావాల్సిన చోట చిటికెడొచ్చాయి. అవతల తమ్ముడికి అప్పటికే గట్టి మందిచ్చి, వాడి సొంత మూలుగంతా చంపేశారు. ఇక నావి ఎక్కితేనే వాడు బతికేది.

డాక్టరమ్మ వచ్చి నా మంచం అంచున కూర్చుంది.

"అన్నీ వేసుకున్నావా అమ్మా? మానేసి ఉంటే ఇప్పుడే చెప్పు, నేనేమీ అనను. ఇంకో రెండు మూడు రోజులు వేసి మళ్ళీ తీద్దాం."

అమ్మ ఎదురుగా నిలబడి ఉంది.

"అన్నీ వేసుకున్నాను మేడమ్."

"అయితే ఆ మందు నీ ఒంటికి పనిచెయ్యలేదన్నమాట. పోనీ, మత్తిచ్చి తుంటి ఎముకలోంచి తీద్దామా?"

"నాకు మత్తు పడదు మేడమ్. చిన్నప్పుడొకసారి చావు తప్పి బయటపడ్డాను."

అంతా అబద్ధం. అమ్మ నా వైపు చూసి, తల తిప్పేసుకుంది.

ఆ చిటికెడే ఎక్కించారు. నిలవలేదు. మూడు వారాలు దాటాక ఛాతీలో చీము పట్టి పోయాడు. ముందురోజు నేను వాడి గది అద్దానికి అవతల నిలబడి ఫోన్లో మాట్లాడుతుంటే, "నా కోసం ఎంత నొప్పి పడ్డావో కదే అక్కా" అన్నాడు. "నోర్మూసుకుని పడుకోరా" అన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను, అయినా నిజం చెప్పలేదు.

నాలుగు నెలలు గడిచాయి. ఒకరోజు పొద్దున ఆరింటికి బొడ్డు పక్కన చురుక్కుమంది. చూస్తే ఎర్రటి చుక్క. చీమేమో అనుకున్నాను. సాయంత్రం ఆరింటికి మిషను తొక్కుతుంటే మళ్ళీ చురుకు. దగ్గర్లో ఎవరూ లేరు. స్పిరిట్ వాసన మాత్రం గుప్పుమంది. మర్నాడు రెండు. ఆ మర్నాడు రెండు. అద్దం ముందు నిలబడి లెక్కపెట్టాను... ఆరు. అక్కడితో ఆగాయి. తర్వాతి రోజు పళ్ళు తోముకుంటుంటే నోటినిండా రక్తం.

అదే డాక్టరమ్మ. అదే జబ్బు. మూలుగలో నూటికి అరవై ఎనిమిది పాడు కణాలు. "తోబుట్టువులెవరైనా..." అనబోయి నాలుక కరుచుకుంది. నాకు సరిపోయే ఒక్కగానొక్క మనిషిని నేనే చేజేతులా పోగొట్టుకున్నాను.

జుట్టు పోయింది, నోరంతా పుండ్లు, జబ్బు మాత్రం అణిగింది. అప్పుడు దాతల జాబితాలో ఒకతను దొరికాడు. "సొంత తమ్ముడికి తప్ప ఇంతలా కలవదమ్మా, నీ అదృష్టం బాగుంది" అంది డాక్టరమ్మ. పేరు చెప్పకూడదట. ఎవరైతేనేం, వెయ్యేళ్ళు బతకనీ అనుకున్నాను. ఇంజెక్షన్లు ఇంటి దగ్గరే వేసుకుంటున్నాడని విన్నాక మాత్రం, ఒక్కటీ మానెయ్యొద్దని చెప్పమని డాక్టరమ్మని బతిమాలాను.

నిన్నటితో నా మూలుగ చంపే మందు పూర్తయింది. ఇవాళ అతని దగ్గర తీసి, సాయంత్రం నాకు ఎక్కించాలి. ఎక్కకపోతే నాకు మహా అయితే మూడు వారాలు. గాలి శుభ్రం చేసే ఫ్యాను గుయ్యిమంటోంది. అద్దానికి అవతల తెర వేసి ఉంది. మధ్యాహ్నం రెండున్నరకి గోడ ఫోన్ మోగింది.

"ఎవరు?"

ఊపిరి. తడి ఊపిరి. ఛాతీలో గరగర...

"అక్కా..." గుసగుస. "నొప్పిగా ఉందే..."

ఫోన్ చేతిలోంచి జారిపోయింది. తీగకి వేలాడుతోంది. అయినా వినపడుతూనే ఉంది.

"ఒక్క పూట మానేస్తే... ఏం కొంప మునుగుతుందిలే..."

ఆ మాట నేనెవ్వరితోనూ అనలేదు. మనసులో అనుకున్నాను. అంతే...

బెల్లు నొక్కాను. నొక్కుతూనే ఉన్నాను. నర్సు మాస్కు సర్దుకుంటూ లోపలికొచ్చింది.

"సిస్టర్... దాత వచ్చాడా?"

"పొద్దుటే వచ్చారండీ." నా మొహంలోకి చూడలేదు. "సూది గుచ్చారు. రెండు చేతులకీ గుచ్చారు. మెడ దగ్గర కూడా..."

"ఆఁ?"

"చుక్క రావట్లేదండీ. ఒళ్ళంతా ఐసుగడ్డలా ఉంది. నాడి దొరకట్లేదు. ఆయనేమో కళ్ళు తెరుచుకుని నవ్వుతున్నారు. డాక్టరమ్మకి కాళ్ళూ చేతులూ ఆడట్లేదు."

"అమ్మని... మా అమ్మని పిలువు."

సిస్టర్ వేలాడుతున్న ఫోన్ తీసి గోడకి తగిలించింది.

"ఆవిడ అక్కడే ఉన్నారండీ, ఆయన మంచం మీద. తల ఒళ్ళో పెట్టుకుని నిమురుతున్నారు. మీ దగ్గరికి రమ్మని ఇందాకే అడిగాను. రానన్నారు."