కొండ లైను ఇసుకపెట్టె

టీచరమ్మ గదిలోకి వచ్చిన అమ్మాయి కుర్చీ చూపించినా కూర్చోలేదు. ఖాకీ చొక్కా జేబు మీద బ్యాడ్జి ఉండాల్సిన చోట రెండు పిన్ను రంధ్రాలు ఉన్నాయి. వాటిని అరచేత్తో కప్పుకుని నిలబడింది.

"ఇవాళ నాలుగింటికి కమిటీ కూర్చుంటుందండీ. నా లైసెన్సు పూర్తిగా రద్దు చేస్తారట. నేను పెడల్ తొక్కానండీ. తొక్కానంటే ఒక్కరూ నమ్మట్లేదు."

టీచరమ్మ ముప్పై ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పి, రిటైరయ్యాక ప్రైవేటు డిటెక్టివ్ ఆఫీసు తెరిచిన మనిషి. అబద్ధాలాడే పిల్లల మధ్య అన్నేళ్ళు గడిపినదానికి వేరే ట్రైనింగ్ ఎందుకనేది. ఆవిడ అసిస్టెంటుకి ఆవిడ మాటంటే వేదం. అతనికి ఉన్నది ఒకటే జబ్బు. ఆవిడ ఇంకొకరిని మెచ్చుకుంటే ఆ పూట అతనికి తిన్నది అరగదు.

"మొదటినుంచీ చెప్పమ్మా," అంది టీచరమ్మ.

ఆ ద్వీపంలో ట్రాములు ముందు రేవు చుట్టూ సముద్రం లైనుగా మొదలయ్యాయి. తర్వాత బజారు లైను వచ్చింది. మూడోది కొండ లైను, పైన ఉన్న ఆసుపత్రి దాకా. అంతవరకు రోగుల్ని నాలుగు వందల మెట్లు మోసుకెళ్ళేవారు. కొండ లైను నడపడానికి పదకొండు మంది పరీక్ష రాస్తే ఈ అమ్మాయి మొదట వచ్చింది.

"రెండో స్థానంలో ఎవరు?"

"మా అన్నయ్యేనండీ. సముద్రం లైనులో ఏడో నంబరు బండి. నాన్న పోయాక నన్ను పెంచిందీ, బండి నేర్పిందీ అన్నయ్యే. నాలుగు రోజుల కిందట, ప్రారంభం రోజు తెల్లారగానే వచ్చి నా బండి ఇత్తడంతా తళతళా తోమిపెట్టాడు. నా వెనక సీట్లోనే కూర్చున్నాడు. పాపం, చెయ్యి విరిగింది."

ఆ రోజు జల్లు పడుతోంది. తడి పట్టాల మీద చక్రం జారితే డ్రైవరు పెడల్ తొక్కుతాడు. ముందు సీటు కింద పెట్టెలోని ఇసుక గొట్టం గుండా చక్రాల ముందు రాలుతుంది, బండికి పట్టు దొరుకుతుంది. సగం కొండ ఎక్కాక చక్రాలు జారాయి. ఆమె తొక్కింది. పట్టు దొరకలేదు. బ్రేకు వేసినా బండి వెనక్కి జారి మలుపులో గోడకి కొట్టుకుంది.

"తర్వాత పెట్టె తెరిచి చూస్తే అంచు దాకా ఇసుక ఉందండీ. పెడల్ బాగానే ఉంది. తొక్కి ఉంటే ఇసుక తగ్గేది కదా అన్నారు."

"మీ అన్నయ్య ఏమన్నాడు?"

ఆమె తల దించుకుంది. "చిన్నపిల్ల, కంగారులో మరిచిపోయి ఉంటుంది అన్నాడండీ. నా మంచికే అని ఉంటాడు."

"చూశావా అబ్బాయ్, ఒక్క మాట ఎక్కువ లేదు, ఒక్క మాట తక్కువ లేదు," అంది టీచరమ్మ లేస్తూ. అసిస్టెంటు మొహం మాడ్చుకుని గొడుగు అందుకున్నాడు.

మధ్యాహ్నం విరామం కాబట్టి షెడ్డులో అన్ని లైన్ల బళ్ళూ వరసగా నిలబడి ఉన్నాయి. ఇసుక పొయ్యి దగ్గర మేస్త్రి ఎదురొచ్చాడు.

"కొండవాగు ఎర్ర ఇసుకమ్మా ఇది. కడిగి, పెనం మీద వేయించి, జల్లించి ముందు రోజు సాయంత్రం నేనే పోశాను. ఇంట్లో మా ఆవిడ కూడా నా చేత ఇంత పని చేయించలేదు."

"సముద్రం లైనుకీ ఇదేనా?"

"వాళ్ళకంత మర్యాద ఎక్కడిదమ్మా? ఆఖరి స్టాపులో ఒడ్డున ఉన్న తెల్ల ఇసుక బకెట్లతో ఎత్తి పోసుకుంటారు. నేల చదును కదా, పట్టు దొరక్కపోతే బండి ఉన్నచోటే ఉంటుంది, జనం నవ్వుతారు. కొండ లైను పనులు మొదలైన దగ్గర్నుంచీ, వేయించిన ఇసుక మాకూ పొయ్యమని ఏడాదిగా నా ప్రాణం తోడేస్తున్నారు."

"పెట్టె తాళంచెవి?"

"డ్రైవర్లందరి దగ్గరా ఒకటే రకం."

"ఆ పొద్దున ఎవరెవరొచ్చారు?"

"ఇంజనీరుగారు వచ్చారు. పడవలాయన గుమ్మంలో నిలబడి శాపనార్థాలు పెట్టి పోయాడు. ఈ పిల్ల అన్న బకెట్లూ గుడ్డా తెచ్చుకుని ఇత్తడి తోముతున్నాడు. నేను కాసేపు టీకి వెళ్ళాను."

పడవల యజమానిని రేవులోనే పట్టుకున్నారు. ఆయన దాచుకోలేదు.

"ఏడవలేదని ఎందుకంటాను? ట్రాములొచ్చాక నా పడవ ఎక్కే దిక్కు లేదు. బండి జారిందని విని కడుపు చల్లబడింది. కానీ అందులో ఏది పెడలో ఏది గంటో నాకు తెలిస్తే ఒట్టు."

"నడివీధిలో నిలబడి కుళ్ళుకునేవాడు చాటుగా పని చెయ్యడు," అంది టీచరమ్మ తిరిగి వస్తూ. అసిస్టెంటు ఆ మాట పుస్తకంలో రాసుకున్నాడు.

ఇంజనీరుకి ఈ తతంగం నచ్చలేదు. "ఎర్ర ఇసుక అంచు దాకా ఉంది, నా కళ్ళతో చూసి సీలు వేయించాను," అన్నాడు విసుగ్గా.

"పైన చూశారు. అడుగున చూశారా?"

సీలు తీయించి, టీచరమ్మ చీర కొంగు బిగించి, మోచేతి దాకా చెయ్యి దించింది. పిడికిలి పైకి తెచ్చి విప్పింది. తెల్లటి గడ్డలు. ఒకటి నాలిక మీద పెట్టుకుంది.

"వానాకాలంలో ఉప్పుజాడీ ఏమవుతుంది ఇంజనీరుగారూ?"

ఆయన గడ్డని వేళ్ళతో నలిపి చూశాడు. "చెమ్మ పట్టి గడ్డకడుతుంది," అన్నాడు మెల్లగా.

"పైన నాలుగు వేళ్ళ మందం మాత్రమే ఎర్రది. కింద ఒడ్డు ఇసుక. తొక్కినా అది గొట్టంలోకి రాలదు. రాలకపోతే తగ్గదు. ఇక మిగిలింది ఒకటే. తోడేసిన ఎర్ర ఇసుక ఏమైంది?"

అందరూ షెడ్డు వెనకకి వెళ్ళి కాలవా, చెత్తకుప్పా తవ్వి చూశారు. టీచరమ్మ కూడా పుల్ల పట్టుకుని కెలికింది. దొరకలేదు. అసిస్టెంటు మాత్రం మేస్త్రిని తాళంచెవి అడిగి, నిలబడి ఉన్న బళ్ళ వైపు వెళ్ళాడు. అరగంటకి రుమాలు మూటతో వచ్చి ఆవిడ చెవిలో ఏదో చెప్పాడు. ఆవిడ మూట అందుకుంది. శభాష్ అనలేదు. అతనికి ఏడుపొక్కటే తక్కువ.

నాలుగింటికి కమిటీ ఎదుట ఇంజనీరు, మేస్త్రి, టీచరమ్మ పిలిపించిన పడవల యజమాని, డ్రైవరమ్మాయి కూర్చున్నారు. ఆమె పక్కన కట్టు కట్టిన చేతితో అన్న. వస్తూనే చెల్లెలి భుజం తట్టి, "భయపడకు చిన్నీ, లైసెన్సు పోతే పోయింది, నేను లేనా?" అన్నాడు.

టీచరమ్మ నిలబడే మాట్లాడింది.

"అమ్మాయి పెడల్ తొక్కింది. ఇసుక ఎవరో మార్చారు కాబట్టి రాలలేదు. ఇది చేసినవాడికి ఇసుక గురించి బాగా తెలుసు, కొండ గురించి తెలియదు. మేస్త్రిగారికి కొండ తెలుసు, ఇంజనీరుగారు ఆ వాలు లెక్క కట్టినవారే. ఇద్దరిలో ఎవరు చేసినా బండి వెనక్కి జారి మనుషులు చస్తారని తెలిసి చెయ్యాలి. చేసినవాడికి ఆ ఉద్దేశం లేదు. ఎలా తెలుసంటే, అతను ధైర్యంగా వెళ్ళి అదే పెట్టె మీద కూర్చున్నాడు. సముద్రం లైనులో లాగా బండి ఉన్నచోటే ఆగిపోతుంది, జనం నవ్వుతారు అనుకున్నాడు."

అన్న ఎర్రబడ్డాడు. "నన్నా అంటున్నారు? నా చెయ్యి విరిగింది కనపడట్లేదా? ఈ పిల్లని ఎత్తుకుని పెంచినవాణ్ణి!"

ఆమె కూడా లేచింది. "టీచరుగారూ, అన్నయ్య ఆ రోజు నా బండి తోమాడండీ..."

"తోమాడమ్మా. బకెట్లు అందుకే తెచ్చానన్నాడు." టీచరమ్మ రుమాలు ముడి విప్పింది. బల్ల మీద ఎర్ర ఇసుక కుప్పగా పడింది. "సముద్రం లైనులో పన్నెండు బళ్ళున్నాయి. పదకొండింటి పెట్టెల్లో తెల్ల ఇసుక. డ్రైవరు చెయ్యి విరిగి నాలుగు రోజులుగా కదలని ఏడో నంబరులో ఇది." ఆవిడ అన్న వైపు తిరిగింది. "ఏడాదిగా అడిగినా దొరకని ఇసుక కదా నాయనా. కాలవలో పోసేస్తే ఎవరికీ తెలిసేది కాదు. నీకు చేతులు రాలేదు."

అన్న ఆ కుప్పనే చూస్తూ మాట్లాడాడు.

"ఇరవై ఏళ్ళు నడిపాను. ఇప్పుడు స్టాపు స్టాపులో 'మీ చెల్లెలు కొండ లైనట కదా' అంటారు. నవ్వుతూ అవునంటాను. ఇంటికెళ్ళాక ముద్ద దిగదు. కొండ మొదట్లోనే ఆగిపోతావనుకున్నాను చిన్నీ. నువ్వు ఏడుస్తూ ఇంటికొస్తే ఓదార్చుదామనుకున్నాను."

"నేను తొక్కడం చూశావా?"

అతను చేతి కట్టు సర్దుకున్నాడు.

"నా వెనకే ఉన్నావు. చూశావా అన్నయ్యా?"

"చూశాను. మూడుసార్లు తొక్కావు."

ఇసుక మార్చడం కంటే అది చూసీ నాలుగు రోజులు దాచడమే ఆమెకి ఎక్కువ తగిలింది. కళ్ళు నిండాయి గాని కారనివ్వలేదు. ఇంజనీరు సొరుగు తెరిచి బ్యాడ్జి ఇస్తే పాత రంధ్రాల్లోనే గుచ్చుకుంది. తర్వాత మేస్త్రి వైపు తిరిగింది.

"ఏడో నంబరు పెట్టెలో ఇసుక తోడి నా బండిలో పోయించండి. అది కొండ లైనుది."

వారం తిరిగాక మళ్ళీ జల్లు పడింది. కొండ లైను బండి నిండా జనం. ఒళ్ళో మందు సీసాలు పట్టుకున్న ముసలివాళ్ళు, పసిపిల్ల తల్లి ఒకామె, అందరూ ఆసుపత్రికే. ముందు సీట్లో టీచరమ్మ, అసిస్టెంటు. అతను వారం నుంచీ ముక్తసరిగానే మాట్లాడుతున్నాడు.

"ఆ రోజు నీకు శభాష్ అనలేదు, ఎందుకో తెలుసా?" అంది ఆవిడ.

"మీకు ముందే తెలిసి ఉంటుంది."

"తెలియలేదు. చెత్తకుప్ప కెలుకుతున్నాను చూడలేదూ? మంచి ఇసుకని డ్రైవరు పారెయ్యడన్న ఆలోచన నీకొచ్చింది, నాకు రాలేదు. నేను నేర్పినవాడు నన్ను దాటేశాడని కడుపు భగ్గున మండింది. అదే గంటలో ఆ అన్నని నిలబెట్టి పాఠం చెప్పాను చూడు, సిగ్గులేకుండా."

అసిస్టెంటు ఆవిడ వైపు తిరిగి కూర్చున్నాడు.

"అతనూ ఏదో ఒక రోజు ఆ పిల్లతో 'నాకు నీమీద కుళ్ళుగా ఉందే' అని ఉంటే చెయ్యి మిగిలేది, చెల్లెలూ మిగిలేది. అందుకని నేను చెప్పేస్తున్నాను."

"చెప్పాక తగ్గిందా మేడమ్?"

"ఇంకా లేదు," అంది టీచరమ్మ. "శభాష్."

మలుపు దగ్గర చక్రాలు ఒక్క క్షణం జారాయి. ముందున్న అమ్మాయి పెడల్ తొక్కింది. వాళ్ళ సీటు కింద ఇసుక గలగలా రాలింది, బండి పట్టు దొరికించుకుని పైకి కదిలింది. ఆ పూట అసిస్టెంటుకి తిన్నది చక్కగా అరిగింది.