కాటా దగ్గర పెద్దన్న

బైపాస్ మీద పాత లారీ కాటా ఒకటుంది, చూశారా... ఇప్పుడు ఏ లారీ ఆగదక్కడ. తూకం వేసే ఇనప పలక తుప్పు పట్టిపోయింది. పక్కనున్న ఒంటి గదికి తలుపు కూడా లేదు. చీకటి పడ్డాక మా డెలివరీవాళ్ళు ఎవరూ అక్కడ బండి ఆపరు. ఫోన్ మోగినా ఆపరు. టైరు పంచరైనా సరే, తోసుకుంటూ ఆ మలుపు దాటాకే నిలబడతారు.

ఎందుకంటే — పెద్దన్న అక్కడే పోయాడు.

నేను హోటల్లో పార్సిళ్ళు కట్టి కిటికీలోంచి అందించే మనిషిని. డెలివరీవాళ్ళ కబుర్లన్నీ ఆ కిటికీ దగ్గరే పుడతాయి. ఇది కూడా అక్కడ విన్నదే. చెప్పినవాడు పొడుగు. అసలు పేరు ఇంకేదో ఉంది గానీ, వంగితే తప్ప మా కిటికీలో వాడి మొహం కనపడదు. అందుకే అందరికీ పొడుగే.

పెద్దన్న ఈ పనిలో అందరికంటే పాతవాడు. ఆరేళ్ళ సర్వీసు. ఏ సందులో కుక్క వెంటపడుతుందో, ఏ మేడలో లిఫ్టు పనిచెయ్యదో కొత్తగా చేరిన ప్రతివాడికీ చెప్పి పంపేవాడు. ఒక వాన రాత్రి తడవకుండా ఆ కాటా గది చూరు కింద ఆగాడు. బండి మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉండిపోయాడు. గుండె. తెల్లారి చూసినవాళ్ళు చెప్పారు — హెల్మెట్ తల మీదే ఉందట, చేతిలో ఫోన్ ఇంకా మోగుతోందట... ఆర్డర్ వచ్చింది, తీసుకోండి అని.

నెల తిరక్కుండానే మొదలైంది.

రాత్రి ఎనిమిది కావొస్తుండగా కాటా దగ్గర బండి మీద ఎవరో కూర్చుని ఉంటున్నారని. పెద్దన్న వేసుకునే అదే ఎర్ర జాకెట్టు. అదే హెల్మెట్. అద్దం వెనక ఫోన్ వెలుగు. ముందు ఒకడు చూశానన్నాడు, తర్వాత ఇద్దరు. మూడోవాడైతే జ్వరం తెచ్చుకుని వారం రోజులు బండి ముట్టలేదు.

పొడుగు పగలబడి నవ్వాడు. "చచ్చినా సెలవు దొరకలేదన్నమాట పాపం!"

ఆ నవ్వు నాలుగు రోజులు కూడా నిలవలేదు.

యాప్‌లో ఒక లిస్టు వచ్చింది. కొత్త కాలనీల వైపు మనిషి లేకుండా వాటంతటవే నడిచే బుల్లి బండ్లు దింపుతున్నారట. కాబట్టి రేటింగ్ తక్కువున్న వంద ఐడీలు పదిహేనో తారీకున ఆగిపోతాయి. లిస్టులో అడ్డంగా ఒక ఎర్ర గీత, దాని కిందున్నవాళ్ళకి పని పోయినట్టే. గీత కింద మొదటి నెంబరు పొడుగుది. గీతకి సరిగ్గా పైన...

ఆ నెంబరు వాడికి నిద్రలో లేపి అడిగినా తెలుసు. పెద్దన్న తన సంచీ మీద తెల్ల రంగుతో రాసుకున్న నెంబరు.

ఆ సాయంత్రం కిటికీ దగ్గర వంగి, ఫోన్ నా మొహం ముందు పెట్టాడు.

"చూడు. చచ్చినవాడు నా చోట్లో కూర్చున్నాడు!"

"పోయాడని కంపెనీకి ఎవరూ చెప్పలేదా?" అన్నాను.

"ఎవరికి చెప్తావు? చెప్పడానికి అవతల మనిషుంటే కదా! ఉన్నది యాప్. ఎవడో ఆ ఐడీ వాడుకుంటున్నాడు. కాటా దగ్గర కూర్చునేదీ వాడే. వాణ్ణి పట్టుకుని ఫొటో పంపిస్తే ఆ ఐడీ తీసేస్తారు. నేను గీత ఎక్కుతాను."

వాడి సంగతి నాకు తెలుసు. ముందు ప్రెస్సులో మెషీను నడిపేవాడు, అది మూతపడింది. తర్వాత స్కూలు వ్యాను, అదీ పోయింది. ఇది మూడోది. ఇద్దరు ఆడపిల్లలు. "నలభై మూడేళ్ళొచ్చాయి... నాలుగో పని నాకెవడిస్తాడురా?" అనేవాడు ఎప్పుడూ. ఆ మాటన్నాక కాసేపు ఎవరి మొహమూ చూసేవాడు కాదు.

మర్నాడు రాత్రే కాటా దగ్గరికి వెళ్ళాడు.

మంచు పడుతోంది. కాటాకి ఇంకా వంద గజాలుందనగా లైటు ఆర్పేసి, బండి దిగి నడిచాడు. రోడ్డు మీద చీమ చిటుక్కుమనడం లేదు. తన చెప్పుల చప్పుడు తనకే భయంగా ఉంది...

ఉన్నాడు.

చూరు కింద బండి. బండి మీద మనిషి. ఎర్ర జాకెట్టు. వంచిన తల. సంచీ మీద తెల్ల రంగు నెంబరు — పెద్దన్న రాతే.

పొడుగు ఉన్నచోటు నుంచే ఫోన్ ఎత్తి ఫొటో తీశాడు. బొటనవేలు అక్కడే ఆగింది. 'పంపు' అని నొక్కడమే మిగిలింది.

నొక్కేముందు — ఎందుకో వాడికే తెలీదు — నోట్లోంచి ఒక మాట వచ్చేసింది.

"పెద్దన్నా...?"

ఆ తల మెల్లగా లేచింది. ఇటు తిరిగింది.

"నువ్వా... పొడుగూ?"

ఆడగొంతు!

హెల్మెట్ అద్దం పైకి లేచింది. పెద్దన్న భార్య.

"వదినా!" అంటూ పొడుగు అక్కడే తుప్పు పలక మీద కూలబడ్డాడు.

ఆవిడ కంగారుపడలేదు. ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు వస్తారని ఎదురుచూస్తున్నట్టే ఉంది.

"నన్ను తీసుకోమని అడిగానయ్యా. కొత్తవాళ్ళని తీసుకోవడం లేదంది యాప్. ఇకముందు కూడా తీసుకోరట. మీ అన్న మాకు మిగిల్చింది ఈ నెంబరు ఒక్కటే. మామగారి మందులు, పిల్లాడి చదువు... అన్నీ దీని మీదే." కాస్త ఆగింది. "బండి ఆయనే నేర్పాడు, దారులే నేర్పలేదు. రోజూ ఆలస్యమే. ఎక్కడో పైనున్న ఆయన పేరు గీత దాకా జార్చేశాను."

పొడుగు తలెత్తి అడిగాడు.

"అయితే మాత్రం... ఇక్కడికెందుకు వదినా? ఆయన పోయిన చోటికి, ఈ చీకట్లో?"

"నాకు మాత్రం సరదానా?" గొంతు బాగా తగ్గించింది. "రోజుకోసారి మొహం చూపించమంటుంది ఫోన్. లేకపోతే మర్నాడు పని ఇవ్వదు. ఇంట్లో చూపిస్తే ఇది నీ మొహం కాదంటుంది. ఆయన ఫొటో పెట్టి చూశాను, బతికున్న మనిషిని చూపించమంది. ఒకరోజు ఏడుపొచ్చి ఇక్కడ కూర్చుంటే ఫోన్ మోగింది... చూపించాను... తీసేసుకుంది."

"నిన్నా?"

"నన్నే. ఇక్కడైతేనే తీసుకుంటుంది. ఎందుకో నన్నడగకు. నేనూ అడగను."

చీకటి, చవక కెమెరా, నెత్తి మీద హెల్మెట్ — అదే అయ్యుంటుందనుకున్నాడు పొడుగు.

అంతలో ఫోన్ మోగింది. ఆవిడ రెండు చేతులా మొహానికి ఎదురుగా పట్టుకుంది. పొడుగు లేచి ఆవిడ భుజం పక్కన నిలబడ్డాడు. తెర మీద గుండ్రటి గీత తిరిగింది. కళ్ళు ఒకసారి ఆర్పండి, అంది ఫోన్. క్షణం... రెండు క్షణాలు... ఆకుపచ్చగా వెలిగింది. 'స్వాగతం' అని.

ఆవిడ ఊపిరి వదిలి, ఫోన్ జేబులో పెట్టుకుంది. "వస్తానయ్యా, ఆర్డర్ చల్లారిపోతుంది" అని బండి తీసింది. వాణ్ణి ఏమీ అడగలేదు, బతిమాలలేదు. ఎర్ర లైటు మంచులో కలిసిపోయింది.

అప్పటికి వాడు నాకు చెప్పింది ఇంతే.

పదిహేనో తారీకు వచ్చింది. పొడుగు ఐడీ ఆగిపోయింది. పొద్దున్నే అలవాటుగా ఫోన్ తీశాడట. బూడిద రంగు తెర, దాని మీద ధన్యవాదాలు అని ఒక మాట. ఇప్పుడు మార్కెట్లో బస్తాలు దింపుతున్నాడు, అదీ పిలిచిన రోజు. పిలవని రోజు వచ్చి మా కిటికీ పక్కన నిలబడతాడు. ఇంటికి వెళ్ళడానికి మొహం చెల్లక.

అలా నిలబడ్డ ఒక రాత్రి, టీ ఇచ్చి అడిగాను.

"ఫొటో పంపలేదేం? వదిన మీద జాలా?"

వాడు గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టాడు.

"జాలిపడ్డాను, అబద్ధం చెప్పను. కానీ ఇంటికెళ్ళి పిల్లల్ని చూస్తే ఆ జాలి ఎంతసేపు నిలిచేది? తెల్లారేసరికి పంపేసేవాణ్ణిరా... నా సంగతి నాకు తెలుసు."

"మరి?"

కిటికీలోకి ఇంకాస్త వంగాడు. గుసగుసగా అన్నాడు —

"ఫోన్ ఎత్తేటప్పుడు వదిన భయంతో కళ్ళు గట్టిగా మూసుకుంది. ఆకుపచ్చగా వెలిగేదాకా తెరవలేదు. నేను పక్కనే ఉన్నాను... కానీ తెర మీద కళ్ళు తెరిచే ఉన్నాయిరా. అవి నా వైపు తిరిగాయి. చూశాయి. చూసి... ఒక్కసారి ఆర్పాయి."