అంచు లేని పంచె

గుడియాత్తం బజారులో గోపాలకృష్ణన్ శెట్టియార్ అంటే తెలియనివాళ్ళు లేరు. లుంగీలూ పంచెలూ అమ్మే కొట్టు, తాతలనాటిది. ఎన్నికలొస్తే ఆయనకు పండగే. రెండు కచ్చిల, అంటే పార్టీల, రంగుల అంచు పంచెలనూ పక్కపక్కనే పేర్చి, ఎవరొస్తే వాళ్ళదే గెలుపని చెప్పి అమ్మేసే దిట్ట. అంతటి మాటకారి ఆ శుక్రవారం పొద్దున ఇడ్లీల ముందు కూర్చుని, భార్యతో వాదన నెగ్గలేకపోయాడు.

మీనాక్షమ్మ రిటైరైన టీచరు. నాలుగేళ్ళుగా వారానికి రెండు రోజులు బస్సెక్కి వేలూరు వెళ్ళి, అక్కడి కుర్రాళ్ళ జైల్లో పాఠాలు చెబుతోంది. ఎండైనా వానైనా ఒక్కరోజు మానింది లేదు. ఆమె దగ్గర చదివి ప్లస్ టూ గట్టెక్కిన ఆదిమూలం అనే కుర్రాడు నిన్ననే విడుదలయ్యాడు. వేలూరులో సాయంత్రంపూట నడిచే జౌళి డిప్లొమాలో సీటు కూడా వచ్చింది. కానీ పగలు బట్టల వ్యాపారంలో పని చేస్తున్నట్టు యజమాని ఉత్తరం ఇస్తేనే చేర్చుకుంటారు. ఈ సాయంత్రం అయిదు గంటలే గడువు.

"ఒక్క ఉత్తరం, దానిమీద మీ కొట్టు ముద్ర. అంతేగదా నేనడిగేది?"

"అంతేనా? జైలుకు పోయొచ్చినోణ్ణి పనిలో పెట్టుకుంటే నా గడప తొక్కేదెవరు? నువ్వు ఆడికి పోయి పాఠాలు చెప్పు, నేను వద్దన్నానా? ఆ జైలును తెచ్చి నా కొట్లో పెట్టొద్దు!"

"పోయిన నెల జైలునించి వచ్చిన కచ్చి పెద్దాయనకు నడిబజార్లో శాలువా కప్పితిరే! అప్పుడు మీ గడపకు ఏమీ కాలేదే?"

"అది పోరాటం మీనాక్షీ. అది వేరే."

"అవును, వేరే! ఆయన బయటికొస్తే టపాకాయలు. ఈ బిడ్డ బయటికొస్తే తలుపు మూసేది."

శెట్టియార్‌కు చిర్రెత్తుకొచ్చింది. "ఇయ్యనంటే ఇయ్యను!"

ఆమె ఏడవలేదు, అరవలేదు. "అయిదు దాకా ఆ కాలేజీ వసారాలో కూచోనుంటాను. తరువాత మీ ఇష్టం," అని చెప్పులేసుకుని బస్టాండుకు నడిచింది. శెట్టియార్ ఇడ్లీ పళ్ళెం పక్కకు నెట్టి లేచాడు.

తొమ్మిదింటికి కొట్టు తెరిచి, సాంబ్రాణి వేసి, బోణీ కోసం చూస్తూ కూర్చున్నాడు. మొదట వచ్చిన మనిషిని వట్టి చేతులతో పంపకూడదన్నది ఆ బజారు కట్టుబాటు. నష్టానికైనా ఇచ్చి పంపుతారు.

అంతలో ఒక బక్కపలచని యువకుడు వచ్చాడు. నడుముకు పార్టీ అంచు పంచె, కాస్త వెలిసింది. ఎన్నికల కాలం, ఒంటిమీద ఆ అంచు! ఇక అడగాలా, కార్యకర్తే అనుకున్నాడు శెట్టియార్.

"రా తంబీ, రా! కూచో! ఏం, ఊరేగింపా? ఈసారి గెలుపు మీ కచ్చిదేనప్పా!"

యువకుడు కూర్చోలేదు. "నాకు ఊరేగింపులు వద్దయ్యా. అంచు లేని పంచె ఒకటి కావాల. ఏ కచ్చి రంగూ ఉండకూడదు."

"ఎందుకప్పా?"

"కాలేజీలో చేరబోతా ఉండా. నిన్న జైలునించి వదిలినారు. లోపలికి పోయిన దినం కట్టుకోనుండిన బట్టలే తిరిగిచ్చినారు. దీన్ని కట్టుకొని ఆడికి పోయేదానికి మనసు రాలేదు."

గజంబద్ద మీద శెట్టియార్ చెయ్యి ఆగిపోయింది. అప్పుడు కనబడింది, పంచె మూలన మాసిపోయిన తన కొట్టు ముద్ర.

"ఇది... నువ్వు కొన్నదేనా?"

"లేదయ్యా. మూడేండ్ల కిందటి ఎలక్షన్లో కచ్చి పెద్దాయన ఈ కొట్లోనే నలభై పంచెలు కొని మాకు కట్టించినాడు. బిరియానీ పెట్టి, చేతికి కర్రిచ్చినాడు. కొట్లాటలో ఒకాయన తల పగిలింది. కొట్టింది నేనే. కర్రిచ్చినాయన ఇంటికి పోయినాడు, నేను జైలుకు పోయినా."

ఆ నలభై పంచెల బేరం శెట్టియార్‌కు బాగా గుర్తుంది. ఆ రోజు ఇంటికి మైసూర్‌పాక్ పట్టుకెళ్ళాడు. ఎవరికి కట్టబెడతారని మాటవరసకైనా అడగలేదు.

"జైలు సంగతి దాచుకోకుండా చెప్పేస్తివే తంబీ!"

"మా టీచరమ్మ నేర్పించిందయ్యా. ఆఫీసరు మాదిరి కుర్చీలో కూచోని, 'జైలుకెందుకు పోయినావు?' అని అడిగేది. తల వంచుకుంటే మళ్ళీ మొదటినించి! ఇరవైసార్లు చెప్పించింది. ఈ దినం ఉత్తరం కూడా ఆయమ్మే తెస్తానన్నాది. 'మా ఆయనకు కోపం జాస్తి, మనసు మాత్రం వెన్న. ఇస్తాడు చూడు' అనింది."

శెట్టియార్ గభాలున అరల వైపు తిరిగాడు. పంచె వెతకడానికి అంతసేపు పట్టడం ఆయన జన్మలో ఎరగడు. కళ్ళు తుడుచుకుని తెల్లటి పంచె తీసి ఇచ్చాడు. ఆదిమూలం ఇచ్చిన డబ్బును బోణీ డబ్బుగా కళ్ళకద్దుకుని పెట్టెలో వేశాడు.

"లోపలికి పోయి కట్టుకోనిరా నాయనా. నేనూ వేలూరికి వస్తా ఉండా. మీ టీచరమ్మ చెప్పిన ఆ కోపిష్టిని నేనే."

శెట్టియార్ ఉత్తరం రాసి, ముద్ర వేసి, తలుపులు మూస్తుంటే పక్క కొట్టు దొరస్వామి బెదిరిపోయాడు. "ఏందప్పా, బోణీ వేళకే మూస్తా ఉండావు? ఎవరన్నా పోయినారా?"

"ఎవరూ పోలేదప్పా. మా కొట్లోకి ఒక మనిషి వచ్చినాడు!"

కాలేజీ వసారాలో మీనాక్షమ్మ విప్పని టిఫిను డబ్బాతో కూర్చుని ఉంది. భర్తనూ ఆయన వెనక ఆదిమూలాన్నీ చూసి లేచి నిలబడింది. ఉత్తరం అందుకుని రెండుసార్లు చదివింది.

"ఇది ఊరికే రాసిన ఉత్తరమా? నిజంగానే పనా?"

"నా ముద్ర అబద్ధం మీద పడదు మీనాక్షీ. సోమవారంనించి కొట్టు తెరిచేది వాడే," అన్నాడు. "ఆ నలభై పంచెలూ అమ్మింది నేనే. నువ్వు నాలుగేండ్లుగా ఎండలో బస్సెక్కి పోతావుంటే, నీకు పనిలేదనుకున్నా. నాకే కండ్లు లేకపోయె."

ఆమె కొంగుతో కళ్ళొత్తుకుంది. ఆదిమూలం ఉత్తరం పట్టుకుని ఆఫీసు గదిలోకి వెళ్ళాడు. అద్దాల తలుపు అవతల అధికారి ఏదో అడగడం, వాడు తలెత్తి జవాబు చెప్పడం ఇద్దరూ చూశారు.

"ఇంకా ఎంతమందుండారు నీ దగ్గర?" అన్నాడు శెట్టియార్.

"పదకొండు మంది."

"సరే. వాళ్ళకూ పని అడిగేది సాయంత్రం దొరస్వామి కొట్టునించి మొదలుపెడతాం. నువ్వు కూడా రావాల. నాకు మాట తడబడితే నువ్వందుకోవాల."