కంచె మీద గుడ్డలు

బండి పానగల్ పొలిమేర దాటకముందే మా అమ్మ తీర్పు చెప్పేసింది.

"ఈ పిల్ల కాలు పెట్టినంకనే నా కోడలికి జ్వరమొచ్చింది. పరమేశం, దీన్ని చేసుకుంటనంటే నేనొప్ప!"

బండిలో మా వదిన సావిత్రమ్మ వణికిపోతోంది. పచ్చి బాలింత; పసికందు అమ్మ ఒడిలో ఉంది. ఆమె తలను ఒడిలో పెట్టుకుని కూర్చున్నది సుగుణ, వదినకు సొంత చెల్లెలు. కాన్పయ్యాక సాయానికి వచ్చింది. వచ్చే నెల మా ఇద్దరికీ పెండ్లి అనుకున్నారు.

ఎడ్లను అదిలిస్తూనే వెనక్కి తిరిగి చూశాను. సుగుణ కళ్ళు ఎర్రబడ్డాయి. నోరు మాత్రం ఊరుకోలేదు.

"ముందుకు చూసి తోలు బావా. నా మొఖంల కనిపిస్తాందా నల్లగొండ దవాఖాన తొవ్వ?"

నిజాం రోజుల మాట. ఇప్పుడు అదే దారిలో బస్సు పావుగంటలో చేరుస్తుంది. ఆ బండి ప్రయాణం మాత్రం నాలో ఇంకా సాగుతూనే ఉంది.

అమ్మ కోపానికి అసలు కారణం వేరే. మాది నేత పని; అందులో మిగిలిన గంజి గుడ్డలే మా ఇంట్లో బాలింత గుడ్డలు. అవి మగవాళ్ళ కంట పడకూడదు. అందుకని ఉతికి, తడిగానే పాత మగ్గం కింది గుంటలో దాచేవారు. సుగుణ వచ్చిన రోజే ముక్కు మూసుకుని వాటిని కాగబెట్టి, కంచె మీద ఎండేసింది. పరువు పోయిందని అమ్మ గుంజుకొచ్చి, మళ్ళీ గుంటలోనే కుక్కింది. మర్నాడే జ్వరం.

దవాఖానలో డాక్టరమ్మ వదినను పరీక్షించింది. స్రావాన్ని భూతద్దం యంత్రంలో చూసి వచ్చి చెప్పింది.

"కాన్పయినంక గర్భసంచి లోపలంత పచ్చి పుండు లెక్కుంటది. అండ్లకు క్రిములు దూరినయి. పూసల దండల్లెక్క ఉన్నయి. లోపలి పొరల కణాలను చంపుకుంట పోతున్నయి. పైనున్న నాళాలు మూసుకపోతే మళ్ళ పిల్లలు కారు. ముదిరితే పానమే పోతది. సల్ఫా గోళీలు ఇస్తున్న. ఏం గుడ్డలు వాడిండ్రమ్మా?"

అమ్మ తల వంచుకుంది. సుగుణ గోడకేసి చూసింది.

వరండాలో సుగుణను ఆపి అడిగాను. "ఎందుకు చెప్పలే? చెప్తే నీ మీది నింద పోతుండె గద?"

"అత్తమ్మను నలుగుట్ల నిలబెట్టాల్నా? నీ పెండ్లి కోసం?"

"నా ఒక్కని పెండ్లేనా?"

"నాకేం తొందర? బండి మంచిగ తోలెటోడు దొరికినంక చూస్త."

ఆమె నవ్వబోయి, కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. అప్పుడే వాన మొదలైంది. జల్లు ఆమె మీద పడకుండా నేను అడ్డం నిలబడ్డాను. పైకి కసురుకుంది గానీ, పక్కకు జరగలేదు.

కొన్నాళ్ళకు వదిన జ్వరం దిగింది. అంబలి అడిగింది. తెల్లారి డాక్టరమ్మ వచ్చేసరికి సుగుణ దవాఖాన పెరట్లో, కాగిన నీళ్ళలో ఉతికిన గుడ్డలను ఎండలో ఆరేస్తోంది. అమ్మ వాటిని చూసింది. లేచి వెళ్ళి, ఆమె తడి చేతిని పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది.

"డాక్టరమ్మా, ఆనాడు గుడ్డల సంగతి అడిగితివి గద. మగ్గం గుంటల నేనే దాచిన. నా చిన్న కోడలు ఎండేస్తే, మళ్ళ అండ్లనే కుక్కిన."

నా చిన్న కోడలు! సుగుణ నావైపు చూసింది. అమ్మ ఆమె చేతిని వదలకుండానే అంది.

"నా పెద్ద కోడలికి జ్వరం తెచ్చింది ఈ పిల్ల కాలు కాదమ్మా. నా చెయ్యి."