తిమ్మరాయప్ప మోకాళ్ళు

"తిమ్మరాయప్ప తాతగారు ఎవరండీ? నీళ్ళలోకి దిగాలి."

చెయ్యెత్తాను. ఫైలు పట్టుకున్న అమ్మాయి నన్నోసారి, ఫైలునోసారి చూసింది. మా తాత పేరు నాకు పెట్టారు. ఆఫీసులో టిమ్ అని నెట్టుకొస్తున్నాను కానీ, జిగణి దగ్గర ఈ ప్రకృతి చికిత్సాలయంలో ఇరవైతొమ్మిదేళ్ళ ముసలాణ్ణి.

అసలు పేషెంటు మా అవ్వ పాపక్క. మోకాళ్ళు అరిగిపోయి మెట్లెక్కలేదు. పదిహేను రోజులు ఖనిజాల వేడినీళ్ళ తొట్టిలో కూర్చుని కాళ్ళాడించమన్నారు. నిన్న ఆమెని దింపడానికొచ్చి, థెరపిస్టు కిరణ్మయిని దూరంనుంచి చూశాను. అంతే, నాకూ మోకాలు నొప్పొచ్చింది. ఎక్స్‌రేలో ఏమీ లేదన్న డాక్టరు, నా మొహం చూసి, వేడినీళ్ళు ఎవరికైనా మంచివేలే అని రాసిచ్చారు.

"అరిగిన కీలు మళ్ళీ పెరగదు. నొప్పి తగ్గితే నడక తేలికవుతుంది," అంది కిరణ్మయి. "మీ నొప్పి పదికి ఎంత?"

"ఏడు."

అయిదుగురు అవ్వల మధ్య ఉడుకుతున్న ఉర్లగడ్డలా కూర్చున్నాను. రోజులు గడిచేకొద్దీ వాళ్ళ అంకెలు దిగాయి. మా అవ్వది ఎనిమిది నుంచి మూడుకొచ్చింది. నాది మాత్రం ఏడు, ఎనిమిది, తొమ్మిది. తగ్గిందంటే రావద్దంటుందని భయం.

మూడోరోజే అవ్వ అందరికీ వినబడేలా అడిగింది. "ఏమప్పా, నిన్న కుడికాలు కుంటుతా ఉంటివి, ఈ పొద్దు ఎడమది కుంటుతా ఉండావే?"

"నొప్పి తిరగతా ఉండాదవ్వా."

కిరణ్మయి తలొంచుకుని ఏదో రాసుకుంది.

పద్నాలుగోరోజు టీ తాగుతూ చెప్పింది. "రేపు నా రిపోర్ట్ ఇవ్వాలి. అంకెలు తగ్గకపోతే ఈ తొట్టి మూసేస్తారు. నన్ను దేవనహళ్ళి బ్రాంచికి పంపేస్తారు."

నా తొమ్మిది గుర్తొచ్చి టీ కప్పు కింద పెట్టేశాను. ఎంత వెధవపని చేశాను. నా వేషానికి ఆమె ఉద్యోగం, అవ్వల తొట్టి రెండూ పోతాయి.

మర్నాడు పొద్దున్నే కుంటకుండా నడుచుకుంటూ వెళ్ళాను.

"నా మోకాళ్ళకేం లేదండీ. మీకోసం వచ్చాను. నా అంకెలన్నీ అబద్ధాలు, తీసెయ్యండి. ఇంక రాను."

ఆమె రిజిస్టరు నా వైపు తిప్పింది. మూడోరోజు దగ్గర నా పేరుమీద ఎర్రగీత. ఆ తర్వాత గళ్ళన్నీ ఖాళీ.

"కాలు మారినరోజే కొట్టేశాను. రిపోర్టులో మీరు లేరు."

"మరి ఆ తర్వాత కూడా రోజూ నొప్పి ఎంతని అడిగారు కదా?"

"అది రిపోర్టుకి కాదు," అంది. ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

అంతలో మా అవ్వ, కమ్మీ పట్టుకోకుండా, తొట్టి మెట్లెక్కి పైకొచ్చింది. నేనది చూసి రెండేళ్ళయింది.

"ఏమ్మా, మా వానికి ఎట్లుండాది?"

"నయమైందవ్వా. కానీ ఆదివారం ఒకసారి కాఫీకొచ్చి చూపించుకోవాలి."

ఎన్ని గంటలకని అడగబోయి బెంచీమీద కూలబడ్డాను. ఈసారి మోకాళ్ళు రెండూ నిజంగానే వణుకుతున్నాయి.