మెట్ల మీద ఆరు

సోమవారం ఉదయం లైల్ నీమీ శవమై కనిపించాడు.

సర్వే ఆఫీసులో, నేలమాళిగకు దిగే మెట్ల అడుగున. మెడ విరిగింది. పాత మ్యాపుల కోసం ఏళ్ల తరబడి దిగిన మెట్లే అవి.

అతను పడిన సమయంలో పై మెట్టు దగ్గర ఉన్నది ఒక్కరే. జోలీన్ మాకీ. ఆఫీసులో చేరి ఏడాది కూడా కాలేదు. అంతకు కాస్త ముందే ఇద్దరూ గట్టిగా వాదించుకున్నారు. ఆఫీసంతా విన్నది.

మంగళవారం తొమ్మిదింటికి డిటెక్టివ్ వెర్నా స్కోగ్లండ్ మంచు దులుపుకుంటూ లోపలికి వచ్చింది. అప్పటికే ఆ చిన్న ఊరు జోలీన్‌ను హంతకురాలిగా తేల్చేసింది.

ఆఫీసు యజమాని హార్లన్ బ్రెక్కే బల్ల దగ్గర కూర్చుని, చక్కెర చల్లిన నిమ్మకాయ మిఠాయి, లెమన్ బార్ తింటున్నాడు. చనిపోయినవాడి కోసం చర్చి ఆడవాళ్లు పంపినవి. అది మూడోది.

"కాలు జారిందంటే నేను నమ్మను మేడమ్. చీకటైతే జారుతుంది. నా ఆఫీసులో చీకటెక్కడిది? నిన్న మీ డెప్యూటీ ముందే వెలుతురు కొలిచే మీటరుతో చూశాను."

"ఎంత వచ్చింది?"

"బల్లల మీద నలభై అయిదు ఫుట్-క్యాండిళ్లు. మెట్ల మీద ఆరు. మెట్లకు అయిదుంటే చాలు. ఆ పిల్లే తోసింది."

డెప్యూటీ టాడ్ రైస్ తల ఊపాడు. "నిజమే మేడమ్. నా కళ్లతో చూశాను. ఆరు."

"నీ కళ్లతోనా?"

"అవును. ఫోన్ లైటు వేసి మరీ చూశాను."

వెర్నా అతన్ని కాసేపు అలాగే చూసింది.

"మెట్ల దగ్గర ఎవరైనా ఏమైనా ముట్టుకున్నారా?"

"లేదు మేడమ్. నిన్ననే టేపు కట్టాను. హార్లన్‌గారు ట్యూబు తుడుస్తానన్నా ఒప్పుకోలేదు."

"ఎందుకు తుడవడం?"

హార్లన్ వేళ్లకంటిన చక్కెర నాక్కున్నాడు. "దుమ్ము మేడమ్, దుమ్ము."

"అందరూ రండి," అంది వెర్నా. "నువ్వు కూడా, జోలీన్."

టేపు దాటి మూడు మెట్లు దిగారు. వెర్నా స్విచ్ వేసింది. పైన ట్యూబు వెలగలేదు. వెనక తలుపులోంచి కాస్త వెలుగు జారుతోంది, అంతే. కింది మెట్లు కనిపించడం లేదు.

"మీటరివ్వండి హార్లన్. నిన్న కొలిచినట్టే కొలవండి."

హార్లన్ మీటరును మెట్టు మీద పెట్టాడు. బొటనవేలు దాని పక్కగా కదిలింది. టాడ్ అలవాటుగా ఫోన్ లైటు వేసి వంగాడు.

"ఆరు! చూశారా మేడమ్?"

"చూశాను. వెలుతురు సరిపోతోందని చదవడానికి టార్చి కావాల్సి వచ్చింది. నిన్న కూడా. నీకు కాస్తయినా అనుమానం రాలేదా టాడ్?"

టాడ్ ముఖం ఎర్రబడింది. "మీటరు చెప్పింది కదా అని..."

"మీటరుకేం తెలుసు, నువ్వు మొద్దువని?" వెర్నా వంగి మీటరు పక్కనున్న బొత్తాన్ని చూపించింది. "దీన్ని అటు నెడితే ఫుట్-క్యాండిళ్లు. ఇటు నెడితే లక్స్. ఒక ఫుట్-క్యాండిల్ అంటే పది లక్స్‌కు పైనే. ఇప్పుడిది లక్స్‌లో ఉంది."

ఆమె బొత్తాన్ని నెట్టింది. ఆరు పోయి అర కంటే కాస్త ఎక్కువ వచ్చింది.

"అయ్యో, పొరపాటు," హార్లన్ నవ్వబోయాడు. "పాత మీటరు మేడమ్. ఎవరికైనా జరిగేదే."

"అలాగా? రండి."

బల్ల దగ్గరకు వచ్చారు. బొత్తాన్ని మళ్లీ లక్స్ వైపు పెట్టి బల్ల మీద ఉంచింది. నాలుగువందల ఎనభై నాలుగు.

"పొరపాటున లక్స్‌లో ఉంటే నిన్న బల్ల మీద కూడా వందల్లోనే రావాలి. వచ్చింది నలభై అయిదు. అంటే బల్ల దగ్గర బొత్తం సరిగ్గానే ఉంది. మెట్ల దాకా నడిచేలోపు మీ బొటనవేలు దాన్ని నెట్టింది. ఇప్పుడు కూడా నెట్టింది. నేను చూస్తూనే ఉన్నాను."

హార్లన్ ముఖంలో చక్కెర రంగు తప్ప ఏమీ మిగల్లేదు.

"ఒక్క ట్యూబు మేడమ్. ఈ వారంలో వేయిద్దామనే అనుకున్నా. లైల్ ఊరికే సణిగేవాడు..."

"సణిగేవాడు చచ్చిపోయాడు. ఆ ట్యూబు మార్చే బదులు ఒక ఆడపిల్లను హంతకురాలిని చేయడమే మీకు తేలికైంది. లేవండి. పోలీసులకు అబద్ధపు సాక్ష్యం చూపించినందుకు ముందు నాతో రండి. చావు సంగతి తర్వాత మాట్లాడదాం."

టాడ్ నడుము నుంచి బేడీలు బయటికి తీశాడు.

వెర్నా జోలీన్ వైపు తిరిగింది. "ఒకటే ప్రశ్న. లైల్‌తో గొడవ దేనికి?"

"కింద నుంచి మ్యాపు తెమ్మన్నాడు. ఆ చీకట్లోకి నేను దిగనన్నాను. 'పిరికిదానా, నేనే తెచ్చుకుంటాలే' అని దిగాడు."

"ఈ మాట నిన్ననే ఎందుకు చెప్పలేదు?"

జోలీన్ టాడ్‌ను చూసింది. అతను తల దించుకున్నాడు.

"రెండుసార్లు చెప్పాను మేడమ్," అంది. "'చీకటెక్కడుందమ్మా, ఆరు వచ్చింది కదా' అన్నారు."