మరిగితే గాని తేలని మాట

ఆంధ్ర, తెలంగాణ కలిసి నాలుగేళ్లయింది. కలపడమే కాలధర్మం అనుకున్నాడేమో, మార్కాపురం రంగుల దుకాణం కోటేశ్వర్లు కూడా ఓ శనివారం కలిపేశాడు. స్పిరిట్ డబ్బాలో టర్పెంటైన్ పోసేశాడు. తప్పు చేతిది కాదు, చూపుది. ఎదురుగా ఆడపిల్లల హైస్కూలు సైన్స్ టీచరు హైమావతి గొడుగు విప్పుతోంది. ఆమె గొడుగు విచ్చుకుంది. ఇతని బుర్ర ముడుచుకుంది.

ఆ డబ్బాలోంచే ఆమెకు సీసాడు స్పిరిట్ కొలిచి ఇచ్చాడు. గంటలో ఆమె తిరిగొచ్చింది, ముక్కు చివర మసితో.

"మీ స్పిరిట్‌లో స్పిరిట్ లేదండీ! దీపం ముట్టిస్తే రైలింజను మాదిరి పొగ. ఏం కలిపినారు?"

"మీతో మాట కలుపుదామని..."

"మాట కాదు, టర్పెంటైన్ కలిపినారు. వాసనే చెప్తాంది."

కోటేశ్వర్లు డబ్బాలోకి తొంగి చూసి తల పట్టుకున్నాడు. "రెండూ నీళ్ల మాదిరే ఉండాయి టీచరమ్మా! ఇంక మా నాయన నన్ను ఉతికి ఆరేస్తాడు."

హైమావతి నవ్వు ఆపుకుంది. "కలిపేదానికి పరధ్యానం చాలు, విడదీసేదానికే చదువు కావాల. రేపు డబ్బా తీసుకోని ల్యాబుకు రాండి. మా అమ్మ తోడుంటాది."

మార్కాపురంలో వాన పడటమే వింత. ఆ ఆదివారం పడింది. ల్యాబులో హైమావతి పొయ్యి మీది వేణ్ణీళ్ల గిన్నెలో, డబ్బాలోది పోసిన గాజుబుడ్డి దించింది. దాని మీద పొడుగు గొట్టం, గొట్టం నిండా గాజుల ముక్కలు, పైన థర్మామీటరు, పక్కన ఆవిరిని చల్లార్చే గొట్టం.

ఆమె తల్లి దుర్గాంబ ముక్కున వేలేసుకుంది. "ఏందమ్మే ఇది? బళ్లో సారా కాస్తాండావా?"

"సారా కాదమ్మా, సారం! ఆవిరి ఈ ముక్కలకు తగిలి చల్లబడి, మళ్లా లేస్తాది. టర్పెంటైన్ బరువుకు వెనక్కి జారుతాది. స్పిరిట్ గట్టెక్కుతాది."

మంచి అనిపించుకోవాలని కోటేశ్వర్లు స్టూలు లాగాడు. "కూచోండి పిన్నమ్మా!"

హైమావతి చేతిలోంచి వేణ్ణీళ్లు తోడే గరిటె జారింది. తల్లి పిన్నమ్మయితే కూతురేమవుతుందో తెలుగువాడికి వేరే చెప్పాలా?

దుర్గాంబ మురిసిపోయింది. "బంగారు మాటన్నావు నాయనా! దీనికి అన్నలు లేరని నాకు ఒకటే దిగులు. వచ్చే ఆదివారం నంద్యాల నుంచి పెండ్లిచూపులకు వస్తాండారు. పిల్లగానికి డిగ్రీ ఉండాది. అన్నవై దగ్గరుండి కాఫీలు అందియ్యి."

కోటేశ్వర్లు ముఖం టర్పెంటైన్ మింగినట్టయింది.

"గిన్నెలో ఇంకొన్ని వేణ్ణీళ్లు పొయ్యి, అన్నయ్యా," అంది హైమావతి. ఆ 'అన్నయ్యా' వేణ్ణీళ్లకంటే ఎక్కువే కాలింది.

బుడ్డిలో ఉన్నది మరుగుతోంది. మనసులో మరుగున ఉన్నదీ మరుగుతోంది. పాదరసం ఎక్కి ఎక్కి డెబ్బై ఎనిమిది దగ్గర నిలిచింది. చుక్క చుక్కగా స్పిరిట్ సీసాలోకి దిగసాగింది.

"డెబ్బై ఎనిమిది డిగ్రీలకు దిగేది స్పిరిటే," అంది హైమావతి, ఎవరి వంకా చూడకుండా. "ఎంత కలిసిపోయినా, వేడి తగిలితే అది తన పేరు చెప్తాది. కొందరు మనుషులే, ఎంత కాగినా చెప్పరు."

చుక్కలు ఆగాయి. పాదరసం దిగడం మొదలెట్టింది. దుర్గాంబ లేచి కొంగు దులుపుకుంది. "అయిపాయ గదా, పోదాం పా."

ఆమె గడప దాటితే కోటేశ్వర్లు అన్నగానే మిగిలిపోతాడు.

"అత్తా!"

దుర్గాంబ ఆగింది. "ఎవుర్ని పిలిచినావు అబ్బీ?"

"మిమ్మల్నే అత్తా. నంద్యాల ఆయనకుండేది ఒక్క డిగ్రీనే గదా. నాకు ఒంట్లో ఇప్పుడు డెబ్బై ఎనిమిది ఉండాయి! మీ హైమావతి అంటే నాకు... డబ్బా కలిసిపోయింది కూడా ఆమెను చూస్తానే!"

"మరి ఇందాకటి పిన్నమ్మ ఏమాయ?"

కిటికీ దగ్గర వాన చూస్తున్నట్టు నిలబడ్డ హైమావతే జవాబు చెప్పింది. "తేలికది ముందు లేచిపోతాదమ్మా. పిన్నమ్మ ఆవిరైపాయ. అడుగున నిలిచింది అత్తే."

దుర్గాంబ కూతురి ఎర్రబడ్డ చెవి చూసింది, కుర్రవాడి చెమట చూసింది. థర్మామీటరు ఆమెకు అక్కర్లేదు.

"నంద్యాలకు కార్డు ముక్క రాసేస్తాలే. ఆదివారం మీ నాయనను తోడుకోని రా. కాఫీ అందిచ్చేది అది, తాగేది నువ్వు." గొడుగు విప్పుతూ అల్లుడి వంక చూసి నవ్వింది. "చక్కెర మాత్రం నేనే కలుపుతా. నీ చేతికి కలిపే పని ఇయ్యను!"